కీటన్ కాళ్లు కోసేయకండి

సంపాదకులకు,

మన విశాఖలో ఎక్కడ మూకీ సినిమా వేసినా, బయటికొచ్చేటప్పుడు ఒక మాట వినపడుతుంది: 'ఆ రోజుల్లో మనుషులు అలా గెంతుతూ నడిచేవాళ్లా?' అని. ఆ గెంతులు మనుషులవి కావు, ప్రొజెక్టర్‌వి. నష్టం మాత్రం నటుడికి. అందరికంటే ఎక్కువగా అమెరికా మూకీల హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్‌కి. ముఖంలో నవ్వూ ఏడుపూ చూపించని మనిషి ఆయన. నటనంతా ఒంట్లోనే, పాదాల్లోనే ఉంటుంది. వేగం మారినా, బొమ్మలో పావు వంతు కోసేసినా ఇక మిగిలేది పేరు ఒక్కటే.

1895 అక్టోబర్ 4న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి వినోద ప్రదర్శనలిచ్చే కళాకారులు. తండ్రి స్టేజీ మీద పిల్లాణ్ని అటూ ఇటూ విసిరేవాడు. పట్టుకు విసరడానికి వీలుగా చొక్కా వీపున సూట్‌కేసు పిడి కుట్టారు. కిందపడ్డాక తాను నవ్వితే జనం నవ్వడం లేదని ఆ వయసులోనే గమనించాడు. తర్వాత ప్రపంచమంతా 'రాతి ముఖం' అని పిలిచిన ముఖం అక్కడ పుట్టింది. 1917లో న్యూయార్క్‌లో అప్పటి పేరున్న హాస్యనటుడు రాస్కో ఆర్బకుల్ దగ్గర సినిమాల్లోకి వచ్చాడు. 1920 నుంచి సొంత యూనిట్‌తో తీశాడు.

ఆయన చప్పటి టోపీ సంగతే చూడండి. మామూలు ఫెల్ట్ టోపీని కత్తిరించి, టీకప్పు గోరువెచ్చని నీళ్లలో మూడు చెంచాల నిండా పంచదార కలిపి, అంచుకు పైనా కిందా తడిపి, గట్టి బల్ల మీద చదును చేసి ఆరబెట్టేవాడు. మనం పంచెకి గంజి పెట్టినట్టే. ఆ బిగిసిన అంచు నుంచి బూటు కొస దాకా మనిషి మొత్తం ఫ్రేములో ఉండాలన్నది ఆయన పద్ధతి. పడేటప్పుడు బొమ్మను ముక్కలు చేసి చూపిస్తే అది మోసమని ప్రేక్షకుడు పసిగడతాడు. అందుకే దూరం నుంచి, ఒకే షాట్‌లో తీసేవాడు.

1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో గాలివాన ఘట్టం దీనికి సాక్ష్యం. ముందు రాసుకున్నది వరద. 1927లో మిసిసిపీ వరదలు రావడంతో తుపానుగా మార్చారు. గాలి కోసం విమాన ఇంజన్లు ఆరు పెట్టారు. రెండు టన్నుల బరువని ఆయనే చెప్పిన ఇంటి ముందు గోడ నిలువునా ఆయన మీద పడుతుంది. పై అంతస్తు కిటికీ ఆయన చుట్టూ దిగుతుంది. తలకీ భుజాలకీ మిగిలిన జాగా రెండు మూడు అంగుళాలే. మడమలు ఎక్కడుండాలో నేల మీద మేకులు కొట్టి గుర్తు పెట్టుకున్నారు. అడుగు పక్కకి జరిగితే ప్రాణం పోయేది. 2014లో హుద్‌హుద్ గాలికి రేకులు ఎలా లేచాయో చూసిన ఈ ఊరికి, ఆ గాలికి ఎదురొరిగి నడిచే నడక ఎంత నిజమో ఎవరూ చెప్పక్కర్లేదు. అదే నడకను హడావుడి వేగంలో చూపిస్తే కీలుబొమ్మ అయిపోతుంది.

వేగం లెక్క కష్టమేం కాదు. చేత్తో తిప్పే కెమెరాలో ఒక చుట్టుకి ఎనిమిది ఫ్రేములు, అంటే ఎనిమిది బొమ్మలు. సెకనుకి రెండు చుట్లంటే పదహారు. అదే అప్పటి ప్రామాణికం అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, నడుస్తూ నడుస్తూ అది పెరిగింది. టాకీలు వచ్చాక 24కి స్థిరపడింది. తక్కువ వేగంతో తీసినదాన్ని 24లో వేస్తే మనుషులు గెంతుతారు. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు కాబట్టి, వెయ్యి అడుగుల రీలు 16 వేగంతో 16 నిమిషాల 40 సెకన్లు నడిస్తే, 24 వేగంతో 11 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంది. పాత ప్రొజెక్టర్ వేగం తగ్గిస్తే తెర మిణుకుమంటుంది. దానికి మూడు రెక్కల షట్టరు (తిరుగుతూ వెలుతురుని ఆపి వదిలే పళ్లెం) వాడేవారు: 16 ఫ్రేములకి మూడేసి వెలుగులు, మొత్తం 48. రెండు రెక్కలతో 24కి వచ్చేదీ అంతే. రెండు రెక్కలతోనే 16లో నడిపితే 32 వెలుగులే వస్తాయి, కళ్లు లాగుతాయి.

ఇప్పుడంతా కంప్యూటర్ కాబట్టి ఆపరేటర్ చేయాల్సింది ఇంకా తేలిక. ముందు ఫైలుని ఒక్కో ఫ్రేము నడిపి చూడాలి. ఒకే బొమ్మ క్రమంగా రెండుసార్లు వస్తుంటే వేగం అప్పటికే సరిచేశారని అర్థం. ముట్టుకోకూడదు. రాకపోతే నడక చూడాలి. కీటన్‌ది కాదు, వెనక వెళ్లే మామూలు జనానిది. వాళ్లు మన జగదాంబ కూడలి జనంలా నడిస్తే సరే. పరుగు తీస్తుంటే ప్లేయర్‌లో వేగం 0.83 పెట్టండి, అంటే 24కి బదులు 20. 1917 ప్రాంతపు పొట్టి చిత్రాలకి ఇంకొంచెం తగ్గించి 0.75 దాకా వెళ్లొచ్చు. అతిగా దిద్దడమూ తప్పే. 1926 తర్వాతి కీటన్ సినిమాలు 24కి దగ్గరగానే బాగుంటాయి. వాటిని 16కి దించితే హాస్యం నీరుగారిపోతుంది. ఛేజింగులు కావాలనే కెమెరా నెమ్మదిగా తిప్పి తీసినవి. అవి ఉరకాల్సిందే.

రెండో తప్పు తెరది. మూకీ బొమ్మ వెడల్పు, ఎత్తుల లెక్క ఇంచుమించు నాలుగుకి మూడు. ఇప్పటి ప్రొజెక్టర్ పదహారుకి తొమ్మిది. తెరంతా నిండాలని 'జూమ్' నొక్కితే ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. పైన టోపీ, కింద బూట్లు. సాగదీస్తే పోయేదేమీ లేదు గానీ సన్నటి కీటన్ లావెక్కిపోతాడు. పన్నెండడుగుల వెడల్పు తెర మీద బొమ్మ తొమ్మిదడుగులే పడాలి. రెండు పక్కలా అడుగున్నర చొప్పున నలుపు వదిలేయండి. 'తెర వేస్ట్' అని నిర్వాహకులు సణుగుతారు. సణగనివ్వండి.

తెలుగు అక్షరాలు వేసే పనీ పెద్దది కాదు. మామూలు మూకీకి టైటిల్ కార్డులు, అంటే మధ్యలో మాటలు రాసి చూపించే పలకలు, 240 దాకా ఉండేవనీ, తాను ఎప్పుడూ 56 దాటలేదనీ కీటన్ చెప్పుకున్నాడు. అనువాదం కార్డు మీదే పడాలి, తర్వాతి బొమ్మ మీదికి జారకూడదు. ఇక హక్కులు. మన చట్టం ప్రకారం సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లే. ఆయన మూకీలన్నిటికీ అది తీరిపోయింది. కొత్తగా కూర్చిన సంగీతానికి మాత్రం హక్కు వేరే ఉంటుంది. ఆ ట్రాకు ఆపేసి వయొలిన్, మృదంగం పెట్టుకుంటే ఖర్చూ తక్కువ, వేగం మార్చినా ఇబ్బంది లేదు.

ఇంకో సవరణ. టాకీలు రాగానే గొంతు బాగోక కీటన్ పడిపోయాడని తరచూ రాస్తుంటారు. ఆయన చిన్నప్పట్నుంచీ స్టేజీ మీద మాట్లాడినవాడే. 1928లో సొంత యూనిట్ వదిలి ఎంజీఎం అనే పెద్ద స్టూడియోలో చేరడం దెబ్బతీసింది. స్క్రిప్టు రాసుకోకుండా సెట్లో కట్టుకునే మనిషికి, ముందే రాసిచ్చిన సన్నివేశాలు చేతికొచ్చాయి. తాగుడు తోడైంది. 1933లో తీసేశారు. తర్వాత అదే స్టూడియోలో ఇతరులకి హాస్యఘట్టాలు రాసిచ్చి బతికాడు. గౌరవ ఆస్కార్ 1960లో అందింది, 1966 ఫిబ్రవరి 1న పోయాడు.

మృదంగం వాయించేవారికి ఒక మనవి: ఆయన పడకముందే దెబ్బ వేయకండి. నేల తాకిన తర్వాత, అర క్షణం ఆగి.

– మూకీ చిత్రాల అభిమానులు కొందరు, విశాఖపట్నం