జర్నల్స్ వచ్చాయి, బీరువాల సంగతి చూడండి

గౌరవనీయులైన కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం పీరియాడికల్స్ సెక్షన్‌లోనే ఉన్నాను. ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' (ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటి తరఫున కేంద్రమే పరిశోధన జర్నల్స్‌కు చందా కట్టే పథకం) మంచి పని. డాలరు రేటు పెరిగినప్పుడల్లా ఏ జర్నల్ ఆపాలా అని లిస్టు పట్టుకుని ప్రొఫెసర్ల చుట్టూ తిరిగినవాణ్ని. ఫిజిక్స్ వాళ్లది ఆపితే కెమిస్ట్రీ వాళ్లు ఊపిరి పీల్చుకునేవారు, మరుసటి ఏడు వాళ్ల వంతు వచ్చేదాకా. ఇప్పుడు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13 వేలు చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీ పిల్లలకు కూడా అందుబాటులోకి వచ్చాయి. ఆ తలనొప్పి తీరింది.

అయితే ఆ 30 పేర్లలో ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ ఉన్నాయి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన భారతి మాసపత్రిక లేదు, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు మొదలుపెట్టిన గోల్కొండ పత్రిక లేదు. ఉండవు కూడా. ఆగిపోయిన పత్రికకు చందా ఎవరు కడతారు? అలాంటివి లైబ్రరీ బీరువాల్లోనే దొరకాలి. తెలుగులోనో చరిత్రలోనో పీహెచ్‌డీ చేసేవాళ్లకు జర్నల్ అంటే అదే.

నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒక అమ్మాయి వచ్చి 1930ల నాటి మాసపత్రిక బౌండ్ వాల్యూమ్ అడిగింది. తీసి బల్ల మీద తెరిస్తే పేజీ అంచు అప్పడంలా విరిగింది. ఇద్దరం కాసేపు ఆ ముక్క వైపే చూశాం. జిరాక్స్ వద్దన్నాను, గాజు మీద బోర్లించి నొక్కితే కుట్లు తెగిపోతాయి. ఫోన్‌తో ఫొటోలు తీసుకోమన్నాను. నాలుగు రోజులు కూర్చుని తీసుకుంది. ఆ వానాకాలం పైకప్పు కారి ఆ వరస బీరువాలన్నీ తడిశాయి. మా లైబ్రరీకి సంబంధించినంత వరకు ఆ సంపుటం ఇప్పుడు ఆ అమ్మాయి ఫోన్‌లోనే ఉంది.

అప్పటికే మా బైండర్ రిటైరై చాలాకాలమైంది, ఆ పోస్టు నింపలేదు. కౌంటర్‌లో ఉన్న అవుట్‌సోర్సింగ్ పిల్లలు మంచివాళ్లే, కానీ ఏ బీరువాలో ఏముందో తెలిసేలోపు కాంట్రాక్టు అయిపోతుంది. థీసిస్‌ల గది కథా ఇంతే. థీసిస్ సాఫ్ట్ కాపీ కూడా ఇవ్వాలన్న 2009 యూజీసీ నిబంధనల తర్వాతి సిద్ధాంత వ్యాసాలకు, వాటిని ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగ ఉంది. అంతకు ముందువి చాలావరకు టైపు కాగితాల మీదే ఉన్నాయి, కొన్ని చెదలు పట్టాయి.

మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించారు. అంటే ఏడాదికి 2,000 కోట్లు. అందులో నూటికి ఒక్క రూపాయి, అంటే ఏడాదికి 20 కోట్లు, దేశభాషల పాత పత్రికలకూ పాత థీసిస్‌లకూ ఇప్పించండి. తెలుగుకే అని అడగడం లేదు. పోస్టులు రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయని తెలుసు. కానీ లైబ్రేరియన్ పోస్టు నింపితేనే ఈ డబ్బు ఇస్తామని షరతు పెట్టడం మీ చేతుల్లో పని. ఇంకొకటి, పని తొందరగా అవుతుందని కుట్లు కోసి స్కాన్ చేసేవాళ్లకు మాత్రం టెండరు ఇవ్వకండి.

ఈ పథకం గడువు 2027తో ముగుస్తుంది. పొడిగింపు ఫైలు మీ బల్ల మీదకు వచ్చినప్పుడు ఈ పద్దు కూడా చేర్చండి. ఏ బీరువాలో ఏ సంవత్సరం సంచికలున్నాయో రిజిస్టర్ చూడకుండా చెప్పగలిగే పాతవాళ్లం ఇంకా కొందరం ఉన్నాం. పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత లైబ్రరీ ఉద్యోగి