షట్‌డౌన్ దగ్గర పడిపోయే కంప్యూటర్‌కు ఫార్మాట్ ఒక్కటే మందా?

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక సాంకేతిక శీర్షికకు ఒక పాఠకుడు తన ఇంటి కంప్యూటర్ గురించి రాశారు. పనిచేస్తున్నంతసేపూ అది బాగానే ఉంటోందని, షట్‌డౌన్ నొక్కిన కొద్ది నిమిషాలకు నీలి తెర (విండోస్ ఇక నడవలేక ఆగిపోయినప్పుడు చూపే తెర) వచ్చి తనంతట తానే మళ్లీ మొదలవుతోందని ఆయన ఫిర్యాదు. దానికి మీరు 'ఒకసారి ఫార్మాట్ చేయించి విండోస్ తిరిగి వేయించుకోండి' అని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. సరిగ్గా ఇదే జబ్బుకు ఇదే వైద్యం చేయించుకుని నష్టపోయినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విద్యుత్ శాఖలో సబ్-ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో ఫీడర్, అంటే కరెంటు తీసుకెళ్లే లైను, లోపం వల్ల ట్రిప్ అయి ఆగిపోతే వెంటనే బ్రేకర్ (లైనును కలిపే స్విచ్) వేసేయం. ఏ రిలే (లోపాన్ని పసిగట్టే పరికరం) పనిచేసింది, ఏ ఫ్లాగ్ (అది చూపే గుర్తు) పడింది అన్నది ముందు లాగ్‌షీటులో రాసుకుంటాం. రాసుకోకుండా రీసెట్ చేస్తే ఆధారం పోతుంది, లోపం మాత్రం లైనులోనే ఉంటుంది. కంప్యూటర్ కూడా పడిపోయేటప్పుడు అలాంటి ఫ్లాగ్ ఒకటి వదిలిపోతుందనీ, ఫార్మాట్ చేస్తే మొదట తుడిచిపెట్టుకుపోయేది అదేననీ నాకు ఆలస్యంగా తెలిసింది.

మా ఇంట్లోది విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్. దాన్ని పై గదిలోకి మార్చినప్పుడు అక్కడికి కేబుల్ అందక, యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న వైఫై స్టిక్ ఒకటి కొని, దానితో వచ్చిన సీడీలోని డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాము) వేశాను. కొన్నాళ్లకు షట్‌డౌన్ గొడవ మొదలైంది. ఊళ్లోని రిపేరు దుకాణానికి కేబినెట్ ఒక్కటే పట్టుకెళ్లాను, స్టిక్ ఇంట్లోనే ఉండిపోయింది. అక్కడ అది చక్కగా ఆగింది. 'మా దగ్గర బాగానే ఉంది సార్, అయినా ఫార్మాట్ కొట్టేద్దాం, సి డ్రైవ్ మాత్రమే పోతుంది, డి డ్రైవ్ అలాగే ఉంటుంది' అన్నాడు కుర్రాడు. డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లూ, డాక్యుమెంట్స్‌లో దాచుకున్నవీ ఉండేది సి డ్రైవ్‌లోనేనని అతను చెప్పలేదు, నేను అడగలేదు. మా కాలనీ సంక్షేమ సంఘం ఏడేళ్ల జమాఖర్చులు అలా పోయాయి. ఇంటికి తెచ్చి స్టిక్ పెట్టి, అదే సీడీలోని డ్రైవర్ మళ్లీ వేసుకున్నాను. ఆ రాత్రే నీలి తెర తిరిగి వచ్చింది.

రెండోసారి వెళ్తే ఆ కుర్రాడు ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ రాసుకున్న నమోదులు చూపే ప్రోగ్రాము, తెరిచాడు. అంతవరకు మెచ్చుకోవలసిందే. అక్కడ ఎర్ర గుర్తుతో 'కెర్నల్-పవర్ 41' అని కనిపించగానే, పేరులో పవర్ ఉంది కాబట్టి ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చాలన్నాడు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 41వ నంబరు చెప్పేది ఒక్కటే: క్రితంసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం ఆగకుండానే మళ్లీ మొదలైందని. కారణం కావాలంటే ఆ నమోదులో డీటెయిల్స్ అన్న భాగం తెరిచి 'బగ్‌చెక్ కోడ్' ఎదురుగా ఏముందో చూడాలి. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కు కోడ్ రాసుకునే వ్యవధి చిక్కలేదని అర్థం. కరెంటు పోయి ఉండవచ్చు, ఎవరైనా బటన్ నొక్కి పట్టుకుని ఆపి ఉండవచ్చు, ఎస్‌ఎమ్‌పీఎస్‌ను అనుమానించడమూ అప్పుడు న్యాయమే. నా కంప్యూటర్‌లో అక్కడ 159 అని ఉంది. ఇది దశాంశ పద్ధతిలో రాసిన అంకె. నీలి తెరల కోడ్‌లు సాధారణంగా పదహారు ఆధారంగా గల లెక్కలో చెబుతారు, ఆ లెక్కలో 159 అంటే 9ఎఫ్. దాని పేరు 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్'. ఆగమని, లేదా నిద్రపొమ్మని విండోస్ పంపిన ఆదేశానికి ఏదో ఒక పరికరం తాలూకు డ్రైవర్ సమయానికి బదులివ్వలేదన్నమాట.

పనిచేస్తున్నప్పుడు రాని జబ్బు ఆపేటప్పుడే ఎందుకు వస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ తెరిచి ఉన్న ప్రోగ్రాములను మూయిస్తుంది, వెనుక నడుస్తున్న సర్వీసులను ఆపుతుంది, ఆపైన ఒక్కొక్క పరికరాన్ని పవర్ తగ్గించుకోమంటుంది. రోజంతా కిక్కురుమనని డ్రైవర్‌కు ఆ ఘడియలోనే పరీక్ష.

దీనికి తోడు విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, 'ఫాస్ట్ స్టార్టప్' అన్న ఏర్పాటు ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మన లాగిన్ మాత్రమే పూర్తిగా మూసుకుంటుంది. కెర్నల్ (విండోస్ కేంద్ర భాగం), దానితో పాటు డ్రైవర్ల స్థితి డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి చేరి, మర్నాడు అక్కడి నుంచే లేస్తాయి. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే మా పక్కింటివారి కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే, అప్‌టైమ్ (పూర్తిగా ఆగకుండా నడిచిన సమయం) కింద రోజుల తరబడి లెక్క కనిపించి వారు తెల్లబోయారు. కాబట్టి రీస్టార్ట్ నిక్షేపంగా జరుగుతూ షట్‌డౌన్ దగ్గరే కంప్యూటర్ పడిపోతుంటే ముందుగా ఈ ఏర్పాటు వైపు చూడాలి. షిఫ్ట్ మీట నొక్కి ఉంచి షట్‌డౌన్ క్లిక్ చేస్తే ఆ ఒక్కసారికి నిజమైన షట్‌డౌన్ జరుగుతుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. నా కంప్యూటర్ అలా చేసినప్పుడు మారుమాటాడకుండా ఆగిపోయింది.

అక్కడితో తృప్తిపడి కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను. నాలుగు రోజులు సుఖంగా గడిచాయి. ఐదో రోజు భోజనానికి లేస్తూ కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి వచ్చి చూస్తే అదే నీలి తెర, అదే 9ఎఫ్. అంటే ఫాస్ట్ స్టార్టప్ తీసేసి నేను దారి మూశానే గాని దొంగను పట్టుకోలేదు. అప్పుడు యూఎస్‌బీ పరికరాలన్నీ పీకేసి, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ, ప్రతిసారీ స్లీప్‌లో పెట్టి లేపి చూశాను. ప్రింటరుతో బాగానే ఉంది, వెబ్‌క్యామ్‌తో బాగానే ఉంది, వైఫై స్టిక్ పెట్టగానే పడిపోయింది. సీడీలోని డ్రైవర్ పాత విండోస్ కోసం తయారైనది. డివైస్ మేనేజర్‌లో దాన్ని డ్రైవర్‌తో సహా తొలగించి, తయారీదారు వెబ్‌సైటులో విండోస్ 10 కోసం ఉంచిన కొత్తది వేశాను. ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ పెట్టినా ఆ తర్వాత ఇంతవరకు నీలి తెర కనిపించలేదు. ఖర్చు సున్నా, పట్టిన సమయం ఒక మధ్యాహ్నం.

నీలి తెర కనురెప్పపాటులో మాయమై కోడ్ చదవనివ్వడం లేదన్నవారు సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉండే 'స్టార్టప్ అండ్ రికవరీ'లోకి వెళ్లి, తనంతట తాను రీస్టార్ట్ కావడానికి పెట్టిన టిక్కు తీసేస్తే చాలు, తెర అలాగే నిలిచి ఉంటుంది. ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు. అసలు నీలి తెరే రాకుండా 'షట్టింగ్ డౌన్' అన్న మాట దగ్గరే గంటలు గడిచే బాపతు వేరు. దానికి ఇంత సులువుగా ఆధారం దొరకదు. అక్కడ విండోస్‌లోనే ఉండే ఎంఎస్ కాన్ఫిగ్ అన్న ప్రోగ్రాములో ఇతర సంస్థల సర్వీసులను ఆపి చూడడం నుంచి మొదలుపెట్టాలి. బటన్ నొక్కి పట్టుకుని ఆపడం గత్యంతరం లేనప్పుడు తప్పదు కాని, రోజూ అదే అలవాటైతే ఏదో ఒకనాడు రాస్తున్న ఫైల్ సగంలో తెగిపోతుంది.

ఈవెంట్ వ్యూయర్ గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లో సైతం అక్కడ ఎర్ర గుర్తులు బోలెడు ఉంటాయి. ఫోను చేసి 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది' అంటూ ఆ ఎర్ర గుర్తులే చూపించి డబ్బు గుంజే మోసగాళ్లు ఉన్నారు. మనకు కావలసింది కంప్యూటర్ పడిపోయిన ఆ సమయానికి చెందిన నమోదు మాత్రమే. తక్కిన వాటి జోలికి పోనక్కరలేదు.

ఫార్మాట్ ఎన్నడూ వద్దని నేననడం లేదు. సిస్టమ్ ఫైళ్లు చెడిపోయి, వాటిని సరిచేసే ఆదేశాలు కూడా విఫలమైతే అదే గతి. అయితే మీ శీర్షికకు ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు నీలి తెర మీద కోడ్ ఏమిటి, రీస్టార్ట్‌లోనూ వస్తోందా, ఈ మధ్య కొత్తగా ఏం తగిలించారు అన్న మూడు సంగతులు ముందు అడగవలసిందిగా కోరుతున్నాను. రిపేరు దుకాణదారులు కూడా బిల్లు మీద 'విండోస్ ఇన్‌స్టలేషన్' అని రాసి ఊరుకోక, తాము చూసిన కోడ్‌ను, డెస్క్‌టాప్ ఫైళ్లు కాపీ తీశారో లేదో కూడా రాసిస్తే బాగుంటుంది. ఆ ఆదివారం ప్రశ్న పంపిన పాఠకుడు ఇంకా ఫార్మాట్ చేయించి ఉండకపోతే, మీ తదుపరి సంచికలో ఈ సంగతి ఆయనకు చేరవేయగలరు.

ఇట్లు
ఒక విశ్రాంత సబ్-ఇంజినీరు,
తెనాలి