హైదరాబాద్ చూడ్డానికి బయల్దేరే ముందు వారం చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు వస్తే చాలు, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుల ఇంట్లో రెండు రోజులుండి ఊరు చూసిపోదామని జిల్లాల నుంచి చాలా కుటుంబాలు వస్తాయి. గురువారం రాత్రి బస్సెక్కడం, శుక్రవారం పొద్దున్నే దిగడం, స్నానాలు కాగానే సాలార్‌జంగ్ మ్యూజియానికి పరుగెత్తడం మామూలే. తీరా వెళ్తే గేటు మూసి ఉంటుంది. శుక్రవారం సాలార్‌జంగ్‌కు సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ ఆ రోజే సెలవు. మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి చార్మినార్ చుట్టూ అడుగు తీసి అడుగు వేయలేం. సోమవారం వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు. ఆ రోజు జూపార్కు ఉండదు.

పిలిచే స్నేహితులు చూడాల్సినవాటి జాబితా పంపుతారు గానీ వారం సంగతి చెప్పరు. శుక్ర, శని వారాలే కుదిరితే వరుస మార్చుకుంటే సరిపోతుంది. శుక్రవారం గోల్కొండ, శనివారం పాతబస్తీ పెట్టుకోవాలి. రెండింటినీ ఒకే రోజు కలపాలని చూస్తే సగం పొద్దు ఆటోలోనే గడిచిపోతుంది.

అంతకన్నా ముందు ఎక్కడ దిగాలో తేల్చుకోవాలి. రైలు టిక్కెట్ మీద హైదరాబాద్ అని ఉంటే అది నాంపల్లి. సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి వేరే స్టేషన్లు. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో మొదలయ్యాక కొన్ని రైళ్లు అటు మారాయి. స్నేహితుడి ఇల్లు మియాపూర్‌లో ఉంటే లింగంపల్లి దగ్గర, ఉప్పల్‌లో ఉంటే సికింద్రాబాద్ గానీ చర్లపల్లి గానీ మేలు. విజయవాడ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎల్బీనగర్‌లో దిగితే మియాపూర్ దాకా ఒకే మెట్రో లైను. అయితే మొదటి మెట్రో పొద్దున 6 గంటలకు గానీ కదలదు. నాలుగింటికే చేరేవాళ్లు ఎల్బీనగర్‌లో దిగి ఆ చీకట్లో ఆటోవాళ్లతో బేరమాడే బదులు అదే బస్సులో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వెళ్లి, బస్టాండులోనే తెల్లారేదాకా కూర్చుంటే నయం. మెట్రో స్టేషన్ ఆ పక్కనే ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే ఆడవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపినవాళ్లకే. మిగతావాళ్లు టిక్కెట్ తీసుకోవాల్సిందే.

పాతబస్తీకి ఒక రోజంతా ఇవ్వాలి. చార్మినార్‌కు మెట్రో లేదు. ఎంజీబీఎస్‌లో గానీ ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో గానీ దిగాలి. హైటెక్ సిటీ వైపు నుంచి వచ్చేవాళ్లు అమీర్‌పేటలో లైను మారితే చాలు, మళ్లీ టిక్కెట్ అక్కర్లేదు. సాలార్‌జంగ్ 10 గంటలకు తెరుస్తారు. అందరూ సంగీత గడియారం కోసం 12 దాకా ఆగుతారు. అప్పుడు పన్నెండు గంటలు వరసగా మోగుతాయి నిజమే గానీ, జనం తలలే కనిపిస్తాయి తప్ప గంట కొట్టే బొమ్మ కనపడదు. 11 గంటలకైతే ఒక్క గంటే తక్కువ, కూర్చోడానికి చోటు దొరుకుతుంది. పావుగంట ముందే వెళ్లి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాలి. మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్నీ, ముందు మెఫిస్టోఫెలీస్ అనే దయ్యం, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి కనపడే చెక్క బొమ్మనూ ఆ తర్వాత తీరిగ్గా చూడొచ్చు. చెక్క బొమ్మ వెనకవైపు అద్దంలో కనిపిస్తుంది. ముందు నుంచే ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు సగమే చూసినట్టు.

భోజనం మదీనా కూడలి దగ్గర కానిచ్చి, ఎండ తగ్గేదాకా చౌమహల్లాలో గడపాలి. అక్కడి నుంచి లాడ్‌బజార్ మీదుగా నడిస్తే సాయంత్రానికి చార్మినార్ దగ్గర ఉంటారు. పైకెక్కాలనుకుంటే మాత్రం సాయంత్రం దాకా ఆగకూడదు, ముందే మూసేస్తారు. లోపలి మెట్లు ఇరుకు, ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎక్కించకపోవడమే మంచిది.

గోల్కొండకు మధ్యాహ్నం మూడింటికి చేరితే చాలు. పైదాకా సుమారు 360 మెట్లు. నీళ్ల సీసా కిందే కొనుక్కోవాలి. కోట ద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దగ్గర వినపడుతుందంటారు, వినపడుతుంది కూడా. కానీ ఇరవైమంది ఒకేసారి కొడుతుంటే పైనున్నవాళ్లకు ఏది ఎవరిదో తెలియదు. మీవాళ్లలో ఒకరిని పైకి పంపి, ఫోన్లో మాట్లాడుకుని, జనం సద్దుమణిగినప్పుడు గుమ్మటానికి సరిగ్గా నడిమధ్య నిలబడి కొట్టాలి. కోటలో జరిగే సౌండ్ అండ్ లైట్ షో ఏ రోజు ఏ భాషలో ఉంటుందో ముందే కనుక్కోవాలి. చలికాలం, ఎండాకాలం వేళలు కూడా వేరు.

మిగిలిన పూట టాంక్‌బండ్‌కు సరిపోతుంది. హుస్సేన్‌సాగర్ మధ్యలో 1992లో నిలబెట్టిన బుద్ధ విగ్రహం దాకా లుంబినీ పార్కు నుంచి పడవలు నడుస్తాయి. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. బిర్లా మందిర్‌కు వెళ్తే ఫోన్లు కిందే ఇచ్చి వెళ్లాలి, మధ్యాహ్నం గుడి మూసి ఉంటుంది. ఫిల్మ్ సిటీని ఈ రెండు రోజుల్లో ఇరికించొద్దు. దానికి ఒక రోజు పూర్తిగా కావాలి.

పర్యాటక శాఖకు మనవి: ఎంజీబీఎస్, జేబీఎస్ బస్టాండ్లలో, పెద్ద రైల్వే స్టేషన్లలో ఏ చోటికి ఏ వారం సెలవో తెలుగులో బోర్డులు పెట్టించాలి. సంక్రాంతి, దసరా సెలవుల్లో వచ్చే శుక్రవారాల్లో మ్యూజియం తెరిచే వీలుందేమో సంబంధిత అధికారులు ఆలోచించాలి. మీ పత్రిక కూడా ప్రతి బుధవారం జిల్లా సంచికల్లో ఆ వారాంతపు సెలవులు, వేళలు ఒక చిన్న పెట్టెలో వేస్తే గురువారం రాత్రి బస్సు ఎక్కేవాళ్లకు అందుతుంది.

– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్