తేదీ చెప్పలేకపోతే, దేన్ని బట్టి తెరుస్తారో అదైనా చెప్పండి
పర్యాటక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా,
డిసెంబరు 2020.

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రివర్యులకు నమస్కరించి వ్రాయునది.

అయ్యా,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తీర్థాలకూ అమ్మవారి సంబరాలకూ జెయింట్ వీలు, పిల్లల రంగులరాట్నం, డ్రాగన్ రైలు తిప్పుకొని బతికే కుటుంబం మాది. ఈ లేఖకు ముందు అధికారులకు మూడు అర్జీలు ఇచ్చాను. జూలైలో ఇచ్చినదానికి రసీదు దక్కింది. సెప్టెంబరులో ఇచ్చినదానికి పైనుంచి ఉత్తర్వులు రావాలని నోటిమాటగా చెప్పి పంపారు. నవంబరులో ఇచ్చినది ఎక్కడుందో కూడా తెలియలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేచోట రాస్తున్నాను. మిమ్మల్ని నొప్పించాలన్న ఉద్దేశం నాకు లేదు. ఇది కూడా ఏదో ఒక బల్ల మీద కాగితాల కట్టలో కలిసిపోతుందేమోనన్న భయం మాత్రం ఉంది.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కరోనాకు ఆగిపోయిన మా రాట్నాలను రేపే తెరవమని నేను అడగడం లేదు. ఎప్పుడు తెరుస్తారో, ఆ తేదీ ఇప్పుడే చెప్పలేకపోతే దేన్ని బట్టి తెరుస్తారో, ఆ ఒక్క మాటను కాగితం మీద పెట్టించమని వేడుకుంటున్నాను. తొమ్మిది నెలలుగా చక్రం తిరగకపోవడం వల్ల పడిన కష్టం కంటే, అది ఎప్పుడు తిరుగుతుందో తలా ఒక మాట చెబుతుంటే వాటిని నమ్మి పరుగెత్తడం వల్ల పడిన కష్టమే మాకు ఎక్కువైంది.

మా చక్రం చివరిసారి నిండుగా తిరిగింది ఫిబ్రవరి 21న, శివరాత్రికి శ్రీముఖలింగంలో. మార్చి 22న జనతా కర్ఫ్యూ నాటికి సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో అమ్మవారి సంబరం కోసం చక్రం బిగించి, రంగు దీపాలు కూడా కట్టి ఉంచాం. 25 నుంచి లాక్‌డౌన్ వచ్చింది. విప్పడానికి మనుషులు లేరు, లారీ కదలడానికి వీల్లేదు. జూన్ దాకా అది ఆ మైదానంలోనే ఉప్పుగాలికి నిలబడింది. విప్పే రోజున సగం బోల్టులు పానాలకు లొంగకపోతే గ్యాసుతో కోయించాల్సి వచ్చింది. ఉగాది మొదలు తొలకరి దాకా ఊరూరా జరిగే సంబరాలే మాకు ఏడాది తిండి. ఆ కాలమంతా అలా గడిచిపోయింది. దానికి మేము ఎవరినీ తప్పుపట్టలేదు. ప్రాణాల కంటే తీర్థాలు ఎక్కువ కాదని మాకూ తెలుసు.

తప్పుపట్టకపోయినా, ఆ తర్వాత జరిగింది చెప్పక తప్పదు. జూన్ 8న గుళ్లూ హోటళ్లూ షాపింగ్ మాళ్లూ తెరిచినప్పుడు, గుడి తెరిస్తే తీర్థమూ వస్తుందని మా వాళ్లంతా అనుకున్నారు. ఆగస్టు 5 నుంచి వ్యాయామశాలలు, సెప్టెంబరు 21 నుంచి ఆరుబయటి రంగస్థలాలు తెరవవచ్చన్నప్పుడు, ఇక వరుసలో మిగిలింది మేమేనన్నారు. సెప్టెంబరు 30న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వులో, అక్టోబరు 15 నుంచి వినోద పార్కులు, ‘అటువంటి ఇతర ప్రదేశాలు’ తెరవవచ్చన్న వాక్యం కనిపించింది. అక్టోబరు 8న కేంద్ర ఆరోగ్య శాఖ వాటికి నిబంధనలు కూడా ఇచ్చింది. ఆ నిబంధనలను మా అమ్మాయి ఫోనులో చదివి వినిపిస్తుంటే, ఆరు అడుగుల దూరం, ప్రవేశం దగ్గర జ్వరం పరీక్ష, జనం చేతులు పడే చోటల్లా తరచుగా శుభ్రం చేయడం, ఇవన్నీ మేము చేయగలిగినవేనని ఇంటిల్లిపాదీ సంతోషించాం.

ఆ వాక్యాన్ని నమ్మి నేను చేసిన పని వినండి. దసరా వెళ్లిన మంగళవారం, అక్టోబరు 27న, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఉత్తరాంధ్రలో మా వంటి వాళ్లకు అంతకంటే పెద్ద రోజు లేదు. మా ఇంటావిడ పుస్తెలతాడు తప్ప ఉన్న బంగారమంతా కుదువపెట్టి 62,000 రూపాయలు తెచ్చాను. ఇరుసుకు కొత్త బేరింగులు వేయించాను. తుప్పు గీకించి రంగు కొట్టించాను. లారీకి పన్ను, బీమా కట్టాను. పర్లాకిమిడి వైపు నుంచి ఆరుగురు పనివాళ్లను ఛార్జీలు పంపి రప్పించాను. సామాను లారీకెక్కించి, అనుమతి కాగితం కోసం ఒక కార్యాలయానికి వెళ్లాను.

అక్కడ ఒక అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, అదే ఉత్తర్వులో మరో వాక్యం చూపించారు. వ్యాపారులు వ్యాపారులకు సరుకు చూపించుకునే ఎగ్జిబిషన్లకు మాత్రమే అనుమతి ఉందనీ, మాది జనం వచ్చే ఎగ్జిబిషన్ కాబట్టి కుదరదనీ చెప్పారు. మా వ్యాపారాన్ని ఊళ్లో అందరూ ఎగ్జిబిషన్ అనే పిలుస్తారు, నేనూ అర్జీలో ఆ మాటే రాశాను. అయ్యా, మాది సరుకు చూపించేది కాదు, పిల్లలు ఎక్కి తిరిగేది, పార్కు కిందికి వస్తుందని చెప్పుకున్నాను. పార్కుల సంగతి వేరే చోట చూస్తారని పంపించారు. అక్కడేమో, పార్కు అంటే సొంత స్థలం, ప్రహరీ, శాశ్వత కట్టడం ఉండాలన్నారు. ‘అటువంటి ఇతర ప్రదేశాలు’ అన్న మాటలోకి మేము వస్తామా లేదా అని అడిగితే, ఆ సంగతి పైవాళ్లే చెప్పాలన్నారు. ఆ పైవాళ్లు ఎవరో చెప్పలేదు. మూడు రోజులు సామాను లారీ మీదే ఉంది. నాలుగో రోజున దింపించి, పనివాళ్లకు తిరుగు ఛార్జీలు ఇచ్చి పంపించేశాను.

సిరిమాను ఈ ఏడాది ఆంక్షల నడుమ తిరిగింది. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ మానును నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి టీవీలో చూశాను. అంత జనాన్ని ఆపడం సబబేనని ఇప్పటికీ అంటాను. ఆ రోజున రాట్నాలు ఉండవని సెప్టెంబరులోనే ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే మాత్రం ఆ బంగారం ఇంట్లోనే ఉండేది.

ఆ తర్వాత కార్తీకంలో రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గర ఇస్తారట అన్నారు. ఇవ్వలేదు. ఇప్పుడు సంక్రాంతి వెళ్లాక శంబర పోలమాంబ జాతరకు ఇస్తారట అంటున్నారు. కాదు, ఫిబ్రవరి 19న రథసప్తమికి అంటున్నారు ఇంకొందరు. టీకా వచ్చాకే అని ఒకరు, వచ్చే ఉగాది దాకా ఆశ పెట్టుకోవద్దని మరొకరు. ఈ ‘అట’లన్నీ మా ఫోన్లలోకి వచ్చేవే, ఏ ఒక్కదానికీ సంతకం లేదు. ఏదో ఒకటి నమ్మకపోతే పండగ చేజారుతుందని భయం, నమ్మితే మళ్లీ అప్పు.

జెయింట్ వీలు అనేది దుకాణం షట్టరు వంటిది కాదు, ఎత్తగానే వ్యాపారం మొదలవడానికి. దాన్ని నిలబెట్టడానికి ముందు కరెంటు, అగ్నిమాపక, పోలీసు శాఖల కాగితాలు కావాలి, ఇరుసు, స్తంభాలు గట్టిగా ఉన్నాయని ఇంజనీరు సంతకం కావాలి, మైదానానికి బయానా కట్టాలి. బిగించడానికి ఎనిమిది మంది అనుభవం ఉన్న మనుషులు రెండు రోజులు పైకెక్కి పనిచేయాలి. అలాంటి మనిషి దొరకడం తేలిక కాదు. మా పెద్ద ఫిట్టరు చక్రం ఖాళీగా తిరుగుతుంటే వచ్చే చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఆయన అక్టోబరు తర్వాత చెన్నైలో భవనాల పనికి వెళ్లిపోయాడు. రమ్మని ఫోను చేస్తే, “ఏ రోజుకో చెప్పు బాబూ, మేస్త్రీకి చెప్పి వస్తాను” అన్నాడు. నాకు చెప్పడానికి రోజు లేదు. కొత్తవాళ్లతో తొందరపడి బిగించి పిల్లల్ని ఎక్కించడానికి నా మనసు ఒప్పుకోదు. ఆఖరి నిమిషంలో అనుమతి ఇస్తే జరిగేది అదేనని మీరు గమనించాలి.

లోకంలో పెద్ద పెద్ద పార్కులు కూడా మూతపడ్డాయని నాకు తెలుసు. షాంఘైలో డిస్నీ పార్కు జనవరి 25న మూసి, మే 11న పరిమిత జనంతో తెరిచారు. ఫ్లోరిడాలోది జూలై 11న తెరిచారు. హాంకాంగ్‌లో జూన్ 18న తెరిచి, జూలై 15న మూసి, సెప్టెంబరు 25న మళ్లీ తెరిచి, ఈ నెల 2న మళ్లీ మూశారు. అన్నిసార్లు మూసినా అక్కడి పనివాడికి ఏ రోజు వెళ్లాలో, ఏ రోజు మానాలో తెలిసింది. కాలిఫోర్నియాలో మార్చి 14న మూసిన పెద్ద పార్కు ఈనాటికీ తెరవలేదు. అయినా ఆ రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరు 20న ఒక కొలత ప్రకటించింది. రోగం తగ్గి జిల్లా అన్నిటికంటే తక్కువ ముప్పున్న పసుపు అంచెకు వస్తే పెద్ద పార్కులు, దానికి ముందున్న నారింజ అంచెలోనే చిన్న పార్కులు. ఆ చిన్నవాటిలో నాలుగో వంతు జనమో 500 మందో, ఏది తక్కువైతే అది. ఆరుబయట తిరిగేవి మాత్రమే. టికెట్లు ఆ జిల్లావాళ్లకు మాత్రమే. చిన్నవాటిని పెద్దవాటి నుంచి విడదీసి ఆలోచించారు చూడండి, నేను అడుగుతున్నది అదే. డిస్నీ కంపెనీ సెప్టెంబరులో 28,000 మందిని పని నుంచి తీసేస్తున్నామంటే ప్రపంచమంతా తెలిసింది. మా దగ్గర పని పోయినవాళ్లను లెక్కపెట్టినవారే లేరు.

అమెరికా దాకా వెళ్లనక్కర లేదు. మన కళింగపట్నం ఓడరేవులో తుఫాను వేళ ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారు. మూడో నంబరు అంటే ఏమిటో, నంబరు పెరిగితే ఏం చేయాలో చదువు లేని మత్స్యకారుడికి కూడా తెలుసు. నంబరు ఎక్కగానే పడవ ఒడ్డుకు లాగుతాడు, దిగగానే వల సర్దుకుంటాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలమట్టమయ్యాయి, మా రేకుల షెడ్డు కూడా ఎగిరిపోయింది. ముందురోజే చెప్పారు కాబట్టి మోటార్లూ జెనరేటరూ దాచుకోగలిగాం, ప్రాణాలు దక్కించుకున్నాం. తుఫానుకు ఇవ్వగలిగిన నంబరు ఈ రోగానికి ఇవ్వలేరా? జిల్లాలో కేసులు ఇన్ని రోజులు ఇంతకు లోపు ఉంటే ఇన్ని రాట్నాలు, ఇంతమంది జనం. దాటితే ఆ రోజే బంద్. ఆ కొలత ఎంత ఉండాలో డాక్టర్లు చెప్పాలి, నేను చెప్పేవాణ్ని కాను. ఎంత కఠినంగా పెట్టినా సరే, ఒక కొలత అంటూ ఉండాలి.

మా వైపు నుంచి చేయగలిగింది కూడా చెబుతాను. మా చక్రానికి పన్నెండు తొట్లు, తొట్టికి నలుగురు. తొట్టి విడిచి తొట్టి నింపితే ఆరు తొట్లలో ఇరవై నలుగురు, ఒక తొట్టిలో ఒకే కుటుంబం. ఎదురెదురు తొట్లు సమంగా నిండుతాయి కాబట్టి చక్రం ఒకవైపు ఒరగదు, అది ముఖ్యం. అంతా ఆరుబయట, గాలిలో ఉండేది. కడ్డీలు ప్రతి తిప్పుకూ తుడిపిస్తాం, మాస్కు లేనివారిని ఎక్కించం. మూసిన గదిలో సినిమా హాళ్లకే సగం సీట్ల లెక్క ఇచ్చారు కదా, మాకూ ఒక లెక్క ఇవ్వండి.

సాయం సంగతి ఎత్తకూడదనుకున్నాను కానీ ఎత్తక తప్పడం లేదు. ఆటో ఉన్నవారికి వాహన మిత్ర వచ్చింది. దర్జీలకూ నాయీ బ్రాహ్మణులకూ రజకులకూ చేదోడు, తోపుడుబండ్లవారికి మొన్న నవంబరు 25న తోడు పథకాలు వచ్చాయి. వాళ్లకు వచ్చినందుకు సంతోషమే. మాకు ఏ దరఖాస్తులోనూ గడి లేదు. అప్పుల వాయిదాలకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు ఆగస్టు 31తో అయిపోయింది, సెప్టెంబరు నుంచి జెనరేటరు మీది అప్పు వాయిదా ప్రతి నెలా కట్టమంటున్నారు. మా చుట్టూ బతికేవాళ్లు ఇంకా ఉన్నారు. చక్రం ఉంటేనే జనం ఆగుతారు, జనం ఆగితేనే జీళ్ల దుకాణం, ఖర్జూరం దుకాణం, మురీ మిక్చరు, బుడగలు అమ్ముకునే ముసలామె. మొన్న ఆమె మా ఇంటికి వచ్చి, ఈసారి శంబర వెళ్తున్నారా అని అడిగింది. వెళ్తే సరుకు తెచ్చుకుంటానంది. నేనేమీ చెప్పలేదు.

అయ్యా, మంత్రిగారూ, మీ శాఖ మాట్లాడకపోతే మరెవరూ మాట్లాడరు. తీర్థాలు దేవాదాయం, మైదానాలు స్థానిక సంస్థలు, జనం పోలీసులు, రోగం ఆరోగ్య శాఖ. వీళ్లందరి మధ్య మేము ఎవరికీ చెందనివాళ్లమయ్యాం. ఎంతోకొంత వినోదం అన్న మాట ఉన్నది మీ దగ్గరే. తీర్థాలు తిరిగే రాట్నాలు ఆ ‘అటువంటి ఇతర ప్రదేశాల’ కిందికి వస్తాయో రావో తేల్చండి. రాకపోతే రావని చెప్పండి, పనివాళ్లకు నేనే చెప్పి ఈ ఏడాదికి వేరే పనులు చూసుకోమంటాను. వస్తే ఏ కొలతకు తెరుస్తారో చెప్పండి. రెండింటిలో ఏది చెప్పినా మీకు రుణపడి ఉంటాను.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలని మనవి. మీ ఉత్తర్వు మా చేతికి వచ్చిన రోజు నుంచి కాగితాలు తీయించి, ఫిట్టరును చెన్నై నుంచి రప్పించి, చక్రం నిలబెట్టి, ఖాళీగా ఒకరోజంతా తిప్పి చూసుకోవడానికి మాకు పన్నెండు రోజులు పడుతుంది. శంబరకైనా, రథసప్తమికైనా, శివరాత్రికైనా, ఏ పండగకు ఇవ్వదలచుకుంటే ఆ పండగకు పన్నెండు రోజుల ముందు చెప్పించండి.

ఇట్లు
తమ విధేయుడు,
తీర్థాల్లో జెయింట్ వీలు తిప్పుకొనే ఒక యజమాని,
శ్రీకాకుళం జిల్లా.