విక్స్ ఆప్షన్ల ధర పాఠం తప్పు: సరిదిద్దాలని, రుసుము తిరిగి ఇవ్వాలని ఫిర్యాదు

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ డెరివేటివ్స్ (ఫ్యూచర్లు, ఆప్షన్ల) కోర్సులోని విక్స్ (అమెరికా మార్కెట్ ఊగిసలాట సూచీ) ఆప్షన్ల పాఠం, దానితో ఇచ్చిన కాలిక్యులేటర్, క్విజ్‌లలోని తప్పుల గురించి.

ఆర్యా,

నేను కావలిలో 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ కోర్సులో చేరింది మా అక్క కొడుకు. ఫీజు 18,500 రూపాయలు మా బావ పొగాకు వేలం డబ్బుల్లోంచి తీసి కట్టారు. కొండపి దగ్గర వాళ్లకు ఉన్నది ఒక్క బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టు). రాత్రుళ్లు దాని దగ్గర మేలుకొని ఆకు క్యూరింగ్ చేసి సంపాదించిన డబ్బది. అందుకే ఈ ఉత్తరం ఇంత వివరంగా రాస్తున్నాను.

పోయిన నెల మావాడు చెన్నైలో ఇంటర్వ్యూకి వెళ్లాడు. వాళ్లు అడిగిన ప్రశ్న ఇది: "విక్స్ ఇప్పుడు 32. వచ్చే నెల విక్స్ ఫ్యూచర్ 22. ఆ నెల 25 స్ట్రైక్ కాల్ ధర సుమారు ఎంత ఉండొచ్చు?" ఫ్యూచర్ అంటే ముందు తేదీకి ఇప్పుడే కుదుర్చుకునే ధర. కాల్ అంటే ఆ తేదీన ముందే అనుకున్న ధరకు (స్ట్రైక్) కొనే హక్కు, పుట్ అంటే అమ్మే హక్కు. మీ 14వ పాఠంలో నేర్చుకున్నట్టే మావాడు "కనీసం 7" అన్నాడు, 32లోంచి 25 తీసేసి. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది. పినాకిని రైల్లో తిరిగి వస్తూ ఒంగోలు దాకా పోకుండా కావలిలోనే దిగాడు. "మామా, నేను చెప్పిందాంట్లో తప్పేంది?" అని అడిగాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని మీ వీడియో మూడుసార్లు చూశాం. తప్పు వాడిది కాదు.

ఆప్షన్ ధర కట్టే బ్లాక్-షోల్స్ సూత్రంలో షేరు ధర వేసే చోట, తెర మీద కనిపించే విక్స్ అంకె వేయమని మీ అధ్యాపకుడు చెప్పారు. ఆ సూత్రం నిలబడేది ఒక ఆధారం మీద: ఆప్షన్ అమ్మినవాడు దాని కింది సరుకును కొని దగ్గర పెట్టుకోగలగాలి. నిఫ్టీ అయితే ఆ 50 షేర్లూ కొనుక్కోవచ్చు. విక్స్ అలాంటిది కాదు. ఎస్ అండ్ పీ 500 ఆప్షన్ల ధరల నుంచి, రాబోయే 30 రోజుల్లో మార్కెట్ ఎంత ఊగుతుందని జనం అనుకుంటున్నారో లెక్కకట్టిన అంకె అది. ఇవాళ్టి అంకెను కొని నెలపాటు దాచుకునే దారి లేదు. కొనగలిగేది విక్స్ ఫ్యూచర్‌ని. అందుకే ఏ నెల ఆప్షన్ ధరైనా అదే రోజు ముగిసే ఫ్యూచర్‌ని పట్టుకుని నడుస్తుంది. షికాగో ఎక్స్ఛేంజీ 2004లో ఈ ఫ్యూచర్లను, 2006లో ఆప్షన్లను తెచ్చింది. అంటే ఇది నిన్నమొన్న బయటపడ్డ సంగతేమీ కాదు.

మా ప్రాంతం పిల్లలకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ పైకి వెళ్లి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజు గాలి చూసి, సంక్రాంతికి కూడా ఇంతే గాలి ఉంటుందని ఇక్కడ చిన్నపిల్లవాడైనా అనడు. సంక్రాంతి నాటి గాలి మీద పందెం కాసేవాడు సంక్రాంతి నాటి అంచనానే చూస్తాడు. విక్స్ కూడా ఒక్కసారి ఎగిసినా మళ్లీ తన మామూలు స్థాయికి దిగే స్వభావం ఉన్నదే. కాబట్టే స్పాట్ (ఇవాళ్టి అంకె) 32 ఉన్నా వచ్చే నెల ఫ్యూచర్ 22 దగ్గర ఉండగలదు.

ఇప్పుడు లెక్క. ఫ్యూచర్ 22, స్ట్రైక్ 25, గడువు ఒక నెల, వొలటిలిటీ (ధర ఊగే తీరు) ఏడాదికి 100 శాతం అనుకుందాం. వడ్డీని వదిలేసి, ఫ్యూచర్ల ఆప్షన్లకు వాడే బ్లాక్ 1976 సూత్రంలో వేస్తే కాల్ ధర సుమారు 1.45 వస్తుంది. మీ కాలిక్యులేటర్ చెప్పినట్టు 7 పైన కాదు. సూత్రం మీద నమ్మకం లేకపోతే కాల్, పుట్ ధరల తేడా చూడండి. ఆ తేడా ఫ్యూచర్‌కీ స్ట్రైక్‌కీ మధ్య ఉన్న తేడాతో సరిపోవాలి: 25 పుట్ 4.45, కాల్ 1.45, తేడా 3. మీ లెక్క ప్రకారమైతే పుట్ కంటే కాల్ 7 పాయింట్లు ఎక్కువ పలకాలి. ఏ పూట ధరలు తెచ్చి చూసినా మీ తప్పు అక్కడే తేలిపోతుంది. పైగా ఇవి యూరోపియన్ పద్ధతి ఆప్షన్లు, గడువు రోజు కంటే ముందు వాడుకునే హక్కు లేదు. మార్కెట్లో కాల్ 1.45కి కనిపిస్తే మీ తెర "చవక, కొనండి" అని పచ్చరంగు చూపిస్తుంది. అది చవక కాదు, సరైన ధర.

అన్ని నెలలకూ ఒకే వొలటిలిటీ వాడమనడం కూడా సరికాదు. దగ్గరి నెల ఫ్యూచర్ ఎక్కువ ఊగుతుంది, దూరపు నెలలవి తక్కువ. 2018 ఫిబ్రవరి 5న ఒక్క రోజులో విక్స్ 17.31 నుంచి 37.32కి చేరింది. అలా పైకి దూకే గుణం ఉండబట్టే ఎక్కువ స్ట్రైక్ కాల్స్‌లో వొలటిలిటీ ఎక్కువ పలుకుతుంది. మీ పాఠంలో ఆ ఊసే లేదు. గడువు శుక్రవారం అన్నారు, అదీ తప్పు. నెలవారీ విక్స్ ఆప్షన్ల గడువు మామూలుగా బుధవారం. ఆ ఉదయం ఎస్ అండ్ పీ ఆప్షన్లు తెరుచుకున్న ధరలతో సెటిల్‌మెంటు (చివరి లెక్క తేల్చే) అంకె కడతారు, ముందురోజు ముగింపుతో కాదు.

మరొకటి. "ఇంటి నుంచే విక్స్ ఆప్షన్లు ట్రేడ్ చేయండి" అని మీ ప్రకటనలో ఉంది. విదేశీ ఎక్స్ఛేంజీల్లో మార్జిన్ల (ట్రేడింగుకు కట్టే పూచీ డబ్బు) కోసం ఇక్కడి నుంచి డబ్బు పంపడాన్ని, విదేశాలకు డబ్బు పంపుకునేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం అనుమతించదు. ఒంగోల్లో కూర్చున్న కుర్రవాడికి ఈ మాట ముందే చెప్పాల్సింది మీరే.

మీ సహాయ విభాగానికి మావాడు మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ వచ్చిన జవాబు ఒక్కటే: "మార్కెట్ పెట్టుబడులు రిస్కుకు లోబడి ఉంటాయి." మేం నష్టపోయామని రాయలేదు. మార్కెట్లో ఒక్క రూపాయి పెట్టలేదు. పాఠం తప్పు అని రాశాం.

నేను కోరేవి ఇవి. 18,500 రూపాయలు మా బావ ఖాతాకు తిరిగి వేయండి. 14వ పాఠాన్ని, కాలిక్యులేటర్‌ని సరిచేయండి, సరిచేసేదాకా రెంటినీ ఆపండి. క్విజ్‌లో ఆప్షన్ ధరకు ఆధారం "ఫ్యూచర్" అని సరిగ్గా రాసినవాళ్లకు మార్కులు కోశారు, అవి తిరిగి ఇవ్వండి. ఈ పాఠం విన్న ప్రతి ఒక్కరికీ తప్పు ఎక్కడుందో రాసి పంపండి. వాళ్లలో ఎంతమంది రేపు ఇంటర్వ్యూలకు వెళ్తారో మీకు తెలియదు, నాకూ తెలియదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఫీజు రసీదు, పాఠం స్క్రీన్‌షాట్లు, మీ మూడు జవాబులు, నా చేతి లెక్క జతచేశాను. లెక్కలో ఎక్కడైనా సందేహం ఉంటే మీ అధ్యాపకుణ్ణి నాకు ఫోన్ చేయమనండి. ఎంతసేపైనా కూర్చుని చెప్తాను.

ఇట్లు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
కావలి.