వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం కలం పక్కన పెట్టి మైకు పట్టుకున్నాం

మన క్రైస్తవ రచయితల కూటం సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీలో చాలామంది అడిగింది ఒకటే. పుస్తకమో పాటో వ్యాసమో రాశాక ఎవరో ఒకరు పిలిచి నాలుగు మాటలు చెప్పమంటారు, అక్కడ నోరు పెగలదు, దీనికి ఏదైనా చెయ్యండి అని. అందుకే ఈ ఏడాది నెలవారీ కూటాల్లో ఎక్కువ భాగం దానికే ఇచ్చాం. కవితా పఠనం, రాతప్రతులు ఒకరివి ఒకరు చూసుకోవడం ఎప్పటిలాగే సాగాయి, వాటి గురించి ఇక్కడ పెద్దగా రాయను.

మొదటి కూటంలోనే ఒక సంగతి అర్థమైంది. చాలామందికి స్టేజి భయం కంటే సిగ్గు ఎక్కువ. ఇంత బాగా రాసేదాన్ని, మాట్లాడటం రాదంటే జనం ఏమనుకుంటారు అని. అప్పుడు బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 10:10 తీసి చదివాం. పౌలు ఉత్తరాలు ఘనంగా ఉంటాయి గానీ మనిషి ఎదురుగా నిలబడితే ఆ మాటలో బలం లేదని కొందరు అనేవాళ్లు, ఆ విమర్శను పౌలే తన ఉత్తరంలో రాసుకున్నాడు. మొదటి పత్రిక 2:3లో అయితే మీ దగ్గర ఉన్నప్పుడు భయపడ్డాను, వణికాను అని సూటిగా చెప్పేశాడు. మోషే తనది నోటి మాంద్యం అన్నాడు, యిర్మీయా నేను చిన్నవాణ్ణి అన్నాడు, అయినా ఇద్దరినీ దేవుడు పంపకుండా ఉండలేదు, మోషేకు మాత్రం అహరోనును తోడు ఇచ్చాడు. ఇది చదివాక కూటంలో వాతావరణమే మారిపోయింది. అంతవరకు మాట్లాడనివాళ్లు కూడా తమ టెన్షన్ గురించి చెప్పడం మొదలుపెట్టారు.

రెండో చర్చ కొంచెం వేడిగా జరిగింది. పరిశుద్ధాత్మే మాటలు ఇస్తాడు కదా, ప్రాక్టీసు చేయడం విశ్వాసలోపం కాదా అని కొందరు అడిగారు. మంచి ప్రశ్న, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే మత్తయి 10:19లో యేసు ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. పట్టుబడి అధిపతుల ముందు నిలబడాల్సి వచ్చేవాళ్లతో అన్నాడు. నెల ముందే పిలుపు అందుకుని, విషయం తెలిసి, టైము తెలిసి కూడా ఖాళీగా వెళ్లేవాళ్లకు అది హామీ కాదని నా అభిప్రాయం. లూకా తన సువార్త మొదట్లోనే అన్నీ మొదటినుంచి పరిశీలించి వరుసగా రాస్తున్నానని చెప్పాడు. అగస్టీన్ క్రైస్తవుడు కాకముందు మిలాన్‌లో వాక్చాతుర్యం నేర్పిన గురువు, ఆ తర్వాత బిషప్పు అయ్యాక కూడా అబద్ధం చెప్పేవాళ్లు ఆకట్టుకునేలా మాట్లాడుతుంటే సత్యం చెప్పేవాళ్లు మాత్రం విసుగు పుట్టించేలా ఎందుకు మాట్లాడాలి అని వాదించాడు. ప్రార్థన చేయండి, తయారు కూడా అవండి, రెంటికీ గొడవ లేదు.

ఇక అసలు పని. ప్రతి సభ్యుడు తను రాసిన ఒక పేజీ తెచ్చి ముందు ఉన్నదున్నట్టు చదివారు, తర్వాత కాగితం మూసేసి అదే విషయాన్ని ఎదురుగా ఉన్న ఒక మనిషికి చెప్పినట్టు చెప్పారు, విన్నవాళ్లు తమకు ఏం గుర్తుందో చెప్పారు. దాదాపు ప్రతిసారీ రెండోదే గుర్తుంది. కారణం స్పష్టం. చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు, వినేవాడికి ఆ వీలు లేదు. కాగితం మీద అందంగా కనిపించే పొడవాటి వాక్యంలో క్రియ చివర్లో వచ్చేసరికి, ఎవరు ఏం చేశారన్నది వినేవాడి చేతిలోంచి జారిపోతుంది. కాబట్టి మాట్లాడేటప్పుడు వాక్యాన్ని విరవాలి, ముఖ్యమైన మాటను ఇంకో రకంగా మళ్లీ చెప్పాలి, చెప్పాక ఒక్క క్షణం ఆగాలి. నెహెమ్యా 8:8లో దేవాలయ సేవ చేసే లేవీయులు చేసింది అదే, స్పష్టంగా చదివి జనానికి అర్థం చెప్పారు. అసలు పౌలు పత్రికలు కూడా సంఘాల్లో పైకి చదివి వినిపించడానికే వెళ్లాయి, కొలొస్సయులకు 4:16లో ఆ సూచన ఉంది. చెవి కోసం రాయడం మన విశ్వాసంలో కొత్తేమీ కాదు. ఈ అభ్యాసం తర్వాత కొందరి రాత కూడా తేలికపడింది, అది నాకు చాలా సంతోషం.

కథ చెప్పడం మీద ఒక కూటం మొత్తం గడిచింది. 2 సమూయేలు 12లో ప్రవక్త నాతాను, తప్పు చేసిన దావీదు రాజుకు, ధనవంతుడు పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న కథ ఎలా చెప్పాడో గమనించాం. ముందే నీతి చెప్పలేదు. రాజుకు కోపం వచ్చి తీర్పు చెప్పేదాకా ఆగాడు, అప్పుడు ఆ మనుష్యుడు నీవే అన్నాడు. మనం మాత్రం ఈ కథలో నేర్చుకోవలసింది ఏమిటంటే అని ముందే మొదలుపెట్టి కథ ప్రాణం తీస్తాం. సాక్ష్యం చెప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. మీ జీవితం మీరు చెప్పుకోండి, భార్యాభర్తల, పిల్లల, స్నేహితుల కష్టాలు వాళ్ల అనుమతి లేకుండా వేదిక మీదికి తేకండి. దీని మీద కమిటీ అంతా ఏకాభిప్రాయంతో ఉంది.

చిన్న చిన్న సంగతులు కొన్ని. నోట్సు పెద్ద అక్షరాల్లో, ఒకవైపే, పేజీ నంబర్లతో రాసుకోండి. పల్చటి కాగితం వణుకును చూపిస్తుంది, అట్ట కార్డులు నయం. మైకు నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కగా ఉంటే ప, బ, భ లాంటివి పేలవు. వాక్యభాగం చెప్పేటప్పుడు గ్రంథం, అధ్యాయం, వచనం నెమ్మదిగా రెండుసార్లు చెప్పి పేజీలు తిప్పేవాళ్ల కోసం ఆగండి. విశ్వాసులు కానివాళ్లు కూర్చున్న చోట మనకు అలవాటైన సంఘ భాషను మామూలు మాటల్లోకి మార్చండి. మీ పుస్తకం గురించి ఒక్కసారి చెప్తే చాలు. టైము మాత్రం దాటొద్దు. త్రోయ పట్టణంలో పౌలు అర్ధరాత్రిదాకా మాట్లాడితే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. వినేవాళ్ల ఒంటికి ఓ హద్దు ఉంటుందని లూకా దాచకుండా రాశాడు.

విమర్శ ఎలా చెప్పాలన్నదానికి అపొస్తలుల కార్యములు 18లో బోధకుడు అపొల్లో ఉదంతాన్నే పద్ధతిగా పెట్టుకున్నాం. ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు అతన్ని అందరిముందు సరిదిద్దలేదు, తమ దగ్గరికి పిలుచుకుని వివరించారు. మన దగ్గర కూడా సభ్యులు ఇద్దరిద్దరు జోడీగా ఉండి, ఒకరి ప్రసంగం ఒకరు విని, విడిగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఫోన్‌లో రికార్డు చేసుకుని మళ్లీ వినడం మొదట్లో ఇబ్బందిగా అనిపించినా అందరికీ అదే ఎక్కువ ఉపయోగపడింది.

జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా పంపుతున్నారు, దయచేసి చూసి సందేహాలు సర్వసభ్య సమావేశానికి ముందే రాయండి. వచ్చే ఏడాది జోడీలు కొనసాగుతాయి, కొత్తగా చేరినవాళ్లను పాతవాళ్లతో కలుపుతాం. పిల్లలకు కథలు చెప్పడం మీదా, కూటాల్లో పాట పరిచయం చేయడం మీదా అభ్యాసాలు పెట్టాలని ఉంది. నేర్పగలిగినవాళ్లు, జోడీ కావలసినవాళ్లు ఈ నెలాఖరులోగా మీ పేర్లు కార్యదర్శికి ఇవ్వండి.

కమిటీ తరఫున,
కార్యదర్శి