రజనిగారి పాటలు మా పిల్లలకూ వినిపించండి

ఆంధ్రప్రదేశ్ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులకు నమస్కారం.

బాలాంత్రపు రజనీకాంతరావుగారి గురించి ఈ ఉత్తరం. 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టిన మనిషి. పాట రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు. ఒక్కరిలో ఈ మూడూ కుదరడం ఎంత అరుదో సంగీతం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

1947 ఆగస్టు 15న మద్రాసు ఆకాశవాణిలో టంగుటూరి సూర్యకుమారి గొంతులో వినిపించిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆయన పాటే. ‘స్వర్గసీమ’ సినిమాలో భానుమతిగారు పాడిన పావురం పాట రాసిందీ ఆయనే. పాట రాసి, తామే బాణీ కట్టిన తెలుగు వాగ్గేయకారుల మీద ఆయన రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ పుస్తకానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పాటగాడే పరిశోధకుడు కూడా!

నాకు మాత్రం రజని అంటే పొద్దున్నే రేడియోలో వచ్చే భక్తిపాటల కార్యక్రమం, భక్తిరంజని. అమ్మమ్మ పొయ్యి మీద పాలు పెట్టి రేడియో చెవి తిప్పేది. కాసేపు గరగర, తర్వాత తంబురా శ్రుతి. పాట వస్తుంటే పాలు పొంగినా చూసుకునేది కాదు. విజయవాడ కేంద్రం నుంచి వచ్చిన ఆ కార్యక్రమాన్ని తీర్చిదిద్దింది ఆయనేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2018 ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆకాశవాణివారితో మాట్లాడి, దొరికిన రికార్డింగులన్నీ సాహిత్యంతో, స్వరాలతో ఒకేచోట ఆన్‌లైన్‌లో పెట్టించండి. స్కూళ్లలో పాటలు నేర్పే టీచర్లకు ఉచితంగా అందాలి. సాహిత్యం టైపు చేయడానికి మనుషులు కావాలంటే నేను ముందుంటాను.

ఇట్లు,
ఒక రేడియో శ్రోత